గుర్తు లేని కుండ

"ఒహాయోలో ఏముందని వెళ్ళారండీ?"

తిరిగొచ్చాక పిస్కాటవేలో నన్ను ఈ మాట అడగని వాళ్ళు లేరు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళని తిప్పడానికి న్యూజెర్సీ తెలుగువాళ్ళకి ఒక దారి ఖాయమైపోయి ఉంది. నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ గుడి, అంతే. నేను మా అమ్మని పిట్స్‌బర్గ్ కూడా దాటించి, మార్చి నెల చలిలో, మొక్కజొన్న మోళ్ళు తప్ప ఏమీ కనిపించని చోటికి తీసుకెళ్ళాను. కుండలు చూడ్డానికంటే నవ్వుతారు. అవి అసలు కుండలు కూడా కావు, నకళ్ళు అంటే ఇంకా నవ్వుతారు. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

మా అమ్మాయి నిధి ఒహాయోలో ఒక చిన్న యూనివర్సిటీలో ఆర్కియాలజీ చదువుతోంది. ఇది ఆఖరి సంవత్సరం. యూరప్‌లో డాన్యూబ్ నది పరిసరాల్లో ఏడు వేల ఏళ్ళ కిందట బతికిన రైతులు కుండల మీద, మట్టి బొమ్మల మీద గీతలు గీశారు. నిచ్చెనల్లాంటివి, దువ్వెనల్లాంటివి, ఇంటూ గుర్తుల్లాంటివి. మెసపొటేమియా వాళ్ళు రాయడం మొదలుపెట్టడానికి చాలా ముందటివి కాబట్టి మొట్టమొదటి రాత ఇదేనని కొందరు పండితులు అంటారు. ఒక్కో కుండ మీద ఒకటో రెండో గీతలుంటే అది రాత ఎలా అవుతుంది, కుండ ఎవరిదో తెలియడానికి పెట్టుకున్న గుర్తో, పూజకి సంబంధించిందో అయి ఉంటుందని మరికొందరు అంటారు. ఆ గొడవ ఇంకా తేలలేదు. నిధి దాని మీదే తన డిపార్ట్‌మెంట్ ముందు మాట్లాడాల్సి ఉండింది. ఆ రోజుకి అందుకోవాలని అమ్మా నేనూ కారులో బయల్దేరాం.

నిజానికి నాకు కుండల గొడవ పట్టదు. ఒక ఫార్మా కంపెనీలో మందు డబ్బాల మీద లేబుళ్ళు సరిచూడటం నా ఉద్యోగం. ప్రతి అక్షరం చదవాలి, ఒక్కటి తప్పినా నా మెడకి చుట్టుకుంటుంది. రోజంతా అక్షరాలు చదివే మనిషిని సెలవు పెట్టి గీతలు చూడమంటే ఎవరికి సరదా? నా కంగారు వేరే.

మా అమ్మ సుబ్బమ్మ, మా నాయన కలిసి నలభై ఏళ్ళు ఊరందరి బట్టలు ఉతికారు. మేం చాకలివాళ్ళం. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. పిస్కాటవేలో ఎవరైనా "మీ నాన్నగారు ఏం చేసేవారండీ" అంటే "బట్టల వ్యాపారం" అనేదాన్ని. మొదటిసారి కంగారులో నోట్లోంచి వచ్చింది. తర్వాత ఆ అబద్ధం నాకు అలవాటైపోయింది. మా ఆయన కూడా అదే చెబుతాడు.

క్రిస్మస్ సెలవులకి వచ్చిన నిధి, బేస్‌మెంట్‌లో డ్రయర్ పక్కన కూర్చున్న అమ్మమ్మని ఒక ప్రశ్న అడిగింది. ఊరందరి బట్టలూ ఒకే బానలో ఉడకబెడితే ఏవి ఎవరివో ఎలా తెలిసేది? నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూల ఇంటికో గుర్తు పెట్టి, పైన సున్నం రాసేవాళ్ళమని అమ్మ చెప్పింది. బట్ట చిరిగిపోయినా ఆ గుర్తు పోదు. నిధి నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. అక్షరం ముక్క రాని మా అమ్మ దాని నిండా ఊళ్ళో ఇళ్ళన్నిటి గుర్తులూ గీసింది. అన్నదమ్ములు వేరుపడితే పెద్దవాడికి పాత గుర్తు, చిన్నవాడికి అదే గుర్తు పక్కన ఒక చుక్క. నిధి తన పేపరంతా మార్చేసి ఆ నోట్‌బుక్ చుట్టూ మళ్ళీ రాసుకుంది.

బయల్దేరే ముందు వారం నేను దానికి ఫోన్ చేశాను.

"నిధీ, అమ్మమ్మ అని చెప్పొద్దు. ఇండియాలో ఒక ఊరు అను, చాలు. వసుంధరా ఆంటీ వాళ్ళు కూడా వస్తున్నారు కదా."

"అమ్మా, నేను పేపర్‌లో అందరినీ పేరు పెట్టి సైట్ చేస్తాను. డెడ్ పీపుల్‌ని కూడా. అమ్మమ్మని ఎందుకు చెయ్యకూడదు?"

"నేను చెప్పాను కాబట్టి."

"దట్స్ నాట్ ఎ రీజన్." అంతలోనే "ఫైన్" అని ఫోన్ పెట్టేసింది.

వసుంధర, ప్రసాద్ గారు పదేళ్ళు మా పక్క వీధిలో ఉండి కొలంబస్ వెళ్ళిన వాళ్ళు. మా జిల్లా వాళ్ళే. నిధి వారాంతాల్లో వాళ్ళింట్లోనే అన్నం తింటుంది. నా బట్టల వ్యాపారం కథ మొట్టమొదట నమ్మింది కూడా వాళ్ళే. అమ్మకి ఇవేవీ తెలియవు. మనవరాలు తన గుర్తుల గురించి పెద్ద పెద్దవాళ్ళ ముందు మాట్లాడుతుందని మాత్రం తెలుసు. ఆ సంబరంలో గంజి పెట్టిన నేతచీర ఒకటి ఇస్త్రీ చేసి విడిగా పెట్టుకుంది.

కొట్టం మీద నక్షత్రం

మొదటి రోజు పెన్సిల్వేనియాలో పెద్ద రోడ్డు దిగి పల్లెదారి పట్టాం. అక్కడి బార్న్‌లు, అంటే గొడ్లూ గడ్డీ ఉండే పెద్ద చెక్క కొట్టాలు, ఎక్కువగా ఎర్రరంగులో ఉన్నాయి. కొన్నిటి గోడల మీద బండి చక్రమంత నక్షత్రాలు, పూరేకులు. కొన్ని తరాల కిందట జర్మనీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన రైతుల అలవాటట అది.

"ఏందే అయ్యి? దిష్టికా?" అంది అమ్మ.

ఒక కొట్టం ముందు బల్ల వేసుకుని రూత్ అనే ముసలామె పైలు, అంటే లోపల తీపి కూరి కాల్చిన రొట్టెల్లాంటివి, అమ్ముతోంది. చెరకు మడ్డితో చేసిన పై, ముక్క నాలుగు డాలర్లు. అమ్మ రవ్వంత నోట్లో వేసుకుని "బెల్లప్పాకమే, కాస్త మాడింది" అని తీర్పు చెప్పి, తన ముక్క తిని, నా దాంట్లో సగం కూడా తింది. నేను రూత్‌ని నక్షత్రం గురించి అడిగాను.

"దానికి అర్థం ఏమీ లేదు. అందానికి వేస్తారు," అంది రూత్. "పిడుగు పడకుండా అని కొందరంటారు. మా మామగారు అదంతా వట్టిది, అందానికే అనేవాడు." చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ, మళ్ళీ తనే అంది. "కానీ ఓ ఏడాది కొట్టం పైకప్పు కారుతుంటే, ఆయన ముందు నక్షత్రానికి రంగేశాడు. ఆ తర్వాతే పైకప్పు ఎక్కాడు."

ఈ మాట తెలుగులో చెబితే అమ్మ చాలాసేపు తల ఊపింది.

"అట్టాటియ్యి అడిగితే చెప్పరులే," అంది. కారెక్కి బెల్టు పెట్టుకున్నాక, "గోడ మీదేస్తే ఊరందరూ చూస్తారు. నేను గుడ్డ మూల పెట్టింది నాకు తప్ప ఎవుడికీ అక్కర్లా" అని కూడా అంది. అప్పుడు నేను జీపీఎస్‌తో పోట్లాడుతూ ఆ మాట సరిగ్గా వినలేదు.

ఆవకాయ చేసిన పని

రెండో రోజు పొద్దున మోటెల్ గదిలో సూట్‌కేస్ తెరవగానే గుప్పుమంది. వసుంధర కోసం తెచ్చిన ఆవకాయ సీసా మూత వదులై, నూనంతా అమ్మ నేతచీరలోకి దిగింది.

"రెండు కవర్లు చుట్టమని చెప్పానా లేదా!" అని అరిచాను.

"మూత బిగించింది నువ్వేగా," అంది అమ్మ.

అది నిజం కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది. దగ్గర్లో ఉన్న ఊళ్ళో కాయిన్ లాండ్రీ వెతికాం. వాష్‌కి అయిదు డాలర్లు. అమ్మ మిషన్‌ని నమ్మలేదు. మూల ఉన్న సింకులో గిన్నెల సబ్బుతో చీరని అరగంట రుద్ది, నూనె వదిలిందని తేల్చుకున్నాకే మిషన్‌లో వెయ్యనిచ్చింది.

ఆ ఉదయం అక్కడ మేం కాక ఇంకొకామె ఉంది. పేరు డెనీస్. పెద్దవాళ్ళు ఉండే చిన్న ఆశ్రమంలో పని చేస్తుందట. అక్కడి మిషన్ పాడైతే నాలుగు సంచుల బట్టలు తెచ్చుకుంది. అమ్మ ఆమె బల్ల పక్కగా వెళుతూ ఒక చొక్కా కాలరు లోపలికి తొంగి చూసి గట్టిగా కేకేసింది.

"ఒసేయ్, ఇట్రా! ఈళ్ళూ పెడతన్నారే!"

ఆ చొక్కా కాలరులో నల్ల పెన్నుతో రెండు అక్షరాలున్నాయి. అన్ని బట్టల మీదా ఉన్నాయి. ఆశ్రమంలో అందరి బట్టలూ కలిపి ఉతుకుతారు కాబట్టి ఎవరి పేరులో మొదటి అక్షరాలు వాళ్ళ బట్టల మీద రాస్తారని డెనీస్ చెప్పింది. అమ్మ అడగనైనా అడగకుండా ఆ బల్ల దగ్గర నిలబడి బట్టలు వేరుచెయ్యడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. ఆకారం చూసి కుప్పలు వేస్తోంది. డెనీస్ మొదట కంగారుపడి, తర్వాత చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

చివరికి అమ్మ ఒకచోట ఆగింది. ఎమ్.ఆర్. అని ఉన్న బట్టలని అమ్మ రెండు కుప్పలుగా వేసింది. "ఇవి ఒకరివే కదమ్మా" అన్నాను.

"కాదు. ఇయ్యి పెట్టిన చెయ్యి యేరు, అయ్యి పెట్టిన చెయ్యి యేరు."

డెనీస్‌కి చెబితే ఆమె నోరు తెరిచింది. ఎమ్.ఆర్. అక్షరాలున్న ముసలమ్మలు ఆశ్రమంలో ఇద్దరున్నారట. ఒకామె బట్టల మీద కూతురు రాసింది, రెండో ఆమెవి స్టాఫ్ రాశారు. అవి ప్రతివారం కలిసిపోయి ఆ ఇద్దరూ పోట్లాడుకుంటారట.

"ఈవిడ హోటల్‌లో పని చేసేదా?" అని అడిగింది డెనీస్.

"లేదు. తనకి బట్టలు మడవడం ఇష్టం," అన్నాను.

డెనీస్ అమ్మ చేతుల వైపు చూసింది. "ఇష్టానికి మడిచిన చేతుల్లా లేవు," అంది మెల్లగా. తర్వాత తన దగ్గరున్న ఉతికినా పోని కొత్త లాండ్రీ పెన్ను ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని బొడ్లో దోపుకుంది.

నేను తిరిగి మా మిషన్ దగ్గరకి పోయి గాజు తలుపులోంచి చీర తిరగడం చూస్తూ నిలబడ్డాను. న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో వేలిముద్రల యంత్రం అమ్మ వేళ్ళని నాలుగుసార్లు తీసుకోలేదు. చాకిరేవులో సవుడుమన్ను, సోడా, జీడిరసం కలిసి ఆ వేళ్ళ గీతల్ని అరగదీసేశాయి. సంతకం రాక వేలిముద్ర వేసే మనిషికి ఆ ముద్ర కూడా సరిగ్గా మిగల్లేదు. ఆ రోజు వెనక లైనులో తెలుగువాళ్ళున్నారని నేను తల దించుకున్నాను. అది గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది. రోతేమో పుట్టింది గానీ, నిధికి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

కొలంబస్‌లో గోంగూర

సాయంత్రానికి వసుంధర ఇల్లు చేరాం. ఆవకాయ పోయిందంటే ఆమె పడి పడి నవ్వింది. ఫ్రీజర్‌లో దాచిన గోంగూరతో పప్పు, రొయ్యల వేపుడు, చారు చేసింది. ప్రసాద్ గారు ఆఫీస్ కాల్ మధ్యలో మ్యూట్ చేసి వచ్చి అమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళారు. వసుంధర మంచి మనిషి. కొసరి కొసరి వడ్డిస్తుంది, కడుపులో ఏదీ దాచుకోదు.

"పిన్నిగారూ, బాబాయిగారి బట్టల షాపు ఎక్కడుండేదండీ? ఒంగోల్లోనా?" అంది నెయ్యి వేస్తూ. "మా ఇంట్లో పెళ్ళిబట్టలన్నీ ఒంగోల్లోనే కొనేవాళ్ళు. తెలిసిన షాపేమో అని ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా."

కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాను.

అమ్మ వసుంధరని చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పిన బట్టల మూటని చూసినట్టు చూసింది.

"ఆయన పోయి పన్నెండేళ్ళయిందమ్మా," అంది. "గోంగూర బాగా కుదిరింది. ఎండుమిరపకాయలేశావా, పచ్చియ్యా?"

వసుంధర మిరపకాయల సంగతిలో పడిపోయింది. నేను తల వంచుకుని చారు పోసుకున్నాను. అందరి ముందూ చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

పొద్దున్నే ఒక మాట

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ నేతచీర కట్టుకుని, విప్పిన దుప్పట్లు మడిచి, మంచం అంచున కూర్చుని ఉంది.

"నేను ఆ హాల్లోకి రానులే. కార్లో కూసుంటా."

"చలికి బిగుసుకుపోతావు. అంత దూరం వచ్చి అదేం మాట?"

"అయితే బయట ఏ బల్ల మీదన్నా కూసుంటా. నేను ఎదురుగుండా ఉంటే పిల్ల నన్నే చూస్తది. నన్ను చూస్తా చూస్తా నోరు జారుద్ది. నీకెందుకొచ్చిన ఇబ్బంది?"

దువ్వెన వెతుకుతున్నట్టు సంచి కెలికాను.

"బట్టల యాపారం అన్నావంట," అంది అమ్మ. గొంతు ఎప్పటిలాగే ఉంది. "మీ నాయన జన్మలో ఒక్క గుడ్డ అమ్మలేదే. ఒక్క గుడ్డ పోగొట్టనూ లేదు."

కోపగించుకుని ఉంటే నేనూ ఎదురు చెప్పేదాన్ని. ఆమె లేచి నా కోటు మీద వెంట్రుక తీసి, పద ఆలస్యమవుద్ది అంది.

హాల్లో

నిధి మెట్ల మీదే ఎదురొచ్చి అమ్మమ్మని గట్టిగా వాటేసుకుంది. నాకు మాత్రం "హాయ్ అమ్మా" అని దూరం నుంచే చెప్పింది. హాలు ముందు వరండాలో గాజు బీరువాలు, వాటిలో డాన్యూబ్ కుండల నకళ్ళు, ఎదురుగా ఒక బెంచీ. అమ్మ ఆ బెంచీ మీద కూర్చుంది.

"అమ్మమ్మ లోపలికి రాదా?"

"నడుం నొప్పిట," అన్నాను. ప్రయాణం మొదలయ్యాక ఇది నా రెండో అబద్ధం. నిధి నా మొహం వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది.

హాల్లో ముప్ఫైమంది ఉంటారు. వసుంధర, ప్రసాద్ గారు రెండో వరసలో నా పక్కనే కూర్చున్నారు. నిధి బాగా మాట్లాడింది. తల్లిని కాబట్టి అనడం లేదు, లేబుళ్ళు చదివే దాన్ని, తప్పులు ముందు కనిపిస్తాయి నాకు. ఆ గీతలు రాతా కాదా అని అందరూ అడుగుతున్నారు, నేను వేరే ప్రశ్న అడుగుతాను అంది. అవి ఎవరు చదవడం కోసం పెట్టారు? తెర మీద అమ్మ గీసిన గుర్తులు వచ్చాయి. కింద "దక్షిణ భారతదేశంలో ఒక ఊరు" అని ఉంది. ఈ ఊళ్ళో చదువుకున్న కరణానికి తన పంచె మూల ఉన్న గుర్తు ఏమిటో తెలియదు, బడి మొహం చూడని ఆమెకి తెలుసు అని చెప్పింది. అన్నదమ్ములు విడిపోతే పడే చుక్క గురించి చెప్పింది. డాన్యూబ్ కుండల మీద కూడా ఒకే గుర్తు, చిన్న తేడాతో, పక్కపక్క ఇళ్ళలో దొరికితే మనం ఏమనుకోవాలి అని అడిగింది.

చివర్లో తెల్లగడ్డం ప్రొఫెసర్ ఒకాయన చెయ్యెత్తాడు.

"మీ వాదనంతా ఆ చుక్క మీద నిలబడి ఉంది. అది మీకు ఎవరు చెప్పారు? ఎక్కడైనా అచ్చయిందా?"

"అచ్చవలేదు. నాకు ఒక సోర్స్ ఉంది," అంది నిధి.

"ఎవరు?"

"పేరు... చెప్పలేను."

"అలాగైతే," అన్నాడాయన మర్యాదగానే, "ఇది చక్కని కథ. ఆధారం మాత్రం కాదు."

నిధి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు చెయ్యని తప్పుకి తిట్లు తిన్నప్పుడు అలాగే అయ్యేవి. అది ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. మాట ఇచ్చింది కాబట్టి చెప్పదు. మూడు నెలల దాని కష్టం నా ఒక్క అబద్ధం కింద నలిగిపోతుంటే నేను కోటు గుండీ పట్టుకుని కూర్చున్నాను.

లేచి నిలబడ్డాను.

"ఆ సోర్స్ మా అమ్మ," అన్నాను ఇంగ్లీషులో. "ఆ గుర్తులు పెట్టింది ఆమే. మాది చాకలి కుటుంబం. మా అమ్మా నాన్నా నలభై ఏళ్ళు ఊరందరి బట్టలు ఉతికారు. ఆమె బయట వరండాలో ఉంది. నా వల్లే బయట కూర్చుంది. తీసుకొస్తాను."

వసుంధర మొహం చూసే ధైర్యం లేక, అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ బయటికి నడిచాను.

అమ్మ బెంచీ మీద లేదు. ఒక బీరువా ముందు వంగి, గాజుకి ముక్కు ఆనించి ఉంది.

"పదమ్మా. లోపలికి రా."

"ఎవురు పిలిచారు?"

"నేను."

అమ్మ కొంగు సర్దుకుని నా ముందు నడిచింది.

ప్రొఫెసర్ లేచి నిలబడి అమ్మకి తన కుర్చీ ఇచ్చాడు. నిధి ఆయన మాట తెలుగు చేసింది. "అమ్మమ్మా, ఆయన అడుగుతున్నారు, నీ గుర్తులు రైటింగా అని. రాతేనా అది?"

అమ్మ తెర మీది తన గుర్తుల వైపు చూసింది. "రాత ఎట్టయిద్దమ్మా? రేపు రా అని దాంతో చెప్పగలనా? నాకు జరమొచ్చింది అని చెప్పగలనా? కాదు." హాలంతా ఆమె తెలుగు అర్థమవుతున్నట్టే వింటోంది. "అట్టాగని ఉత్త గీతలూ కాదు. ఆ మూటిప్పితే ఎవురు యేరుపడ్డారో, ఎవురు ఊరొదిలిపోయారో, ఏ ఇంట పురుడొచ్చిందో నాకు తెలిసిపొయ్యేది. పెద్దన్న గుడ్డలు తమ్ముడింటికి పోతే గొడవలైపోతయ్యి. అందుకని చుక్క."

నిధి అదంతా ఇంగ్లీషులో చెప్పింది. పండితుల గొడవ అమ్మ తేల్చేసిందని నేను అనను. ఆమె చెప్పింది తన గుర్తుల సంగతి. డాన్యూబ్ ఒడ్డున గీసిన వాళ్ళ సంగతి వాళ్ళతోనే పోయింది. కానీ ఆ ప్రొఫెసర్ పుస్తకం తీసి, అమ్మ పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నాడు. నిధి తన తెర మీద "ఒక ఊరు" అన్న చోట "సుబ్బమ్మ, మా అమ్మమ్మ" అని అక్కడికక్కడే టైప్ చేసింది.

బయటికి వచ్చాక వసుంధర అమ్మ దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, మా ఇంటి బట్టల మీద గుర్తు ఏమై ఉంటుంది?"

"నాకెట్టా తెలుసుద్దమ్మా? మీ ఊరామెనడగాల. ఆమె పేరేంది?"

వసుంధర గుర్తు తెచ్చుకోబోయింది. "రోజూ సాయంత్రం వచ్చేది. అన్నం పెట్టించుకుని వెళ్ళేది. నాకు జడ కూడా వేసింది ఒకసారి." ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "మేమంతా చాకలామె అనే పిలిచేవాళ్ళం పిన్నీ. పేరు తెలియదు నాకు."

"ఏదో ఒకటి ఉండే ఉంటదిలే," అంది అమ్మ.

వసుంధర వెళ్ళిపోతూ నా చెయ్యి పట్టుకుంది. "నాకు ముందే చెప్పుండొచ్చు కదా," అంది. అందులో ప్రేమ ఎంతో, నిష్ఠూరం ఎంతో నాకు తెలియలేదు. వచ్చాక రెండుసార్లు ఫోన్ చేసింది. ఇద్దరం వంటల గురించే మాట్లాడుకున్నాం.

అందరూ వెళ్ళాక అమ్మ నన్నూ నిధినీ మళ్ళీ ఆ బీరువా దగ్గరికి తీసుకెళ్ళింది. పైన గుర్తులున్న కుండలకి దీపాలు పెట్టారు. అట్టడుగు అరలో ఒక మూల ఏ గీతా లేని ఒక చిన్న కుండ ఉంది. లేబుల్ నేనే చదివాను. "అలంకరణ లేని పాత్ర. ప్రత్యేకత ఏమీ లేదు" అని ఉంది.

"ఇది ఆ గుర్తులు పెట్టే ఆమెదై ఉంటది," అంది అమ్మ.

నిధి పక్కనే గొంతుక్కూర్చుంది. "హౌ డు యు నో, అమ్మమ్మా? నీకెలా తెలుసు?"

"మా ఇంటి గుడ్డలకి నేనేనాడన్నా గుర్తు పెట్టానా? మీ అమ్మనడుగు. అందరియ్యీ ఇచ్చేశాక మిగిలినయ్యే మనయ్యి."

నా స్కూలు యూనిఫారం, నాయన పంచెలు, అమ్మ చీరలు కళ్ళ ముందుకొచ్చాయి. ఏ మూలా ఏ మచ్చా లేనివి. అవి శుభ్రంగా ఉన్నాయని మురిసిపోయేదాన్ని. మిగిలినవి కాబట్టి మావి అని నాకు ఎప్పుడూ తట్టలేదు. అక్కడే, ఆ బీరువాకి ఆనుకుని, ఏడ్చేశాను. నిధి నా వీపు మీద చెయ్యి వేసింది.

తిరుగు దారి

తిరిగొస్తూ పెన్సిల్వేనియాలో ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. వసుంధర కట్టిచ్చిన పులిహోర తిన్నాక, అమ్మ బొడ్లోంచి డెనీస్ ఇచ్చిన పెన్ను తీసింది.

"నీ కోటియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యవే."

కోటు ఒళ్ళో వేసుకుని, కాలరు వెనక్కి తిప్పింది. ఊళ్ళో ఎవరికీ పెట్టని గుర్తు ఒకటి ముందే ఎంచి పెట్టుకుందట. ఒక్క ఊపులో గీసింది. ఒహాయోలో బయల్దేరే ముందే నిధి స్కార్ఫ్ మూల ఇదే గుర్తు, పక్కన ఒక చుక్కతో పెట్టి వచ్చిందట.

"ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకమ్మా?"

"ఇంత పెద్ద దేశం. గుడ్డలు కలిసిపోతే ఎట్టా ఎతుక్కుంటా నిన్ను?" అంది, పెన్ను మూత బిగిస్తూ.

అమ్మ వచ్చే నెల వెళ్ళిపోతుంది. కోటు రెండుసార్లు ఉతికాను, గుర్తు పోలేదు. అది ఏమిటని అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. నాకు దాన్ని చదవడం రాదు. మొన్న ఆఫీసులో కోటు తగిలిస్తుంటే ఒక తెలుగావిడ చూసి, కాలరులో ఆ మరకేమిటి అంది.

"మరక కాదండీ, మా ఇంటి గుర్తు," అన్నాను. "మా అమ్మ పెట్టింది. మా ఊళ్ళో అందరి బట్టలకీ ఆమే పెట్టేది."